కాయ ధర చూసి మొక్క నాటేవాళ్లకు

పాలకొల్లు,
2026 జనవరి.

చిరంజీవులైన మా ఊరి పిల్లలకు ఆశీస్సులు.

నిజానికి ఈ ఉత్తరం ఒక్క అమ్మాయికి రాయాల్సింది. కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున్నే మా వీధి చివరింటి పిల్ల వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో అరిసెల డబ్బా, దాని కింద ప్లాస్టిక్ ఫైలు. అరిసెలు బల్ల మీద పెట్టి, ఫైలు నా ఒళ్లో పెట్టింది. "తాతగారూ, మీరు బ్యాంకులో చేశారు కదండీ. పైలట్ ట్రైనింగ్‌కి లోన్ పెడుతున్నామండి. హామీ సంతకం మీరు పెడితే బాగుంటుందని నాన్న అన్నారండి" అంది. వాళ్లమ్మ కుర్చీ అంచున కూర్చుని రెండుసార్లు "ఆయ్" అంది. అంతకుమించి నోరు విప్పలేదు.

ఫైలు తెరిచాను. పైన ట్రైనింగ్ స్కూలు వాళ్ల రంగుల పుస్తకం, భుజాల మీద నాలుగు బంగారు గీతలతో నవ్వుతున్న కుర్రాడు. దాని కింద డెబ్భై సెంట్ల కొబ్బరితోట దస్తావేజు జిరాక్సు, ఆ తల్లికి పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్లు రాసిచ్చింది. అన్నిటికంటే అడుగున, పిన్ను గుచ్చి, ఒక పేపరు కటింగ్. దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని.

ఆ పిన్ను చూసి నా గుండె ఝల్లుమంది. ఎందుకో కాస్త ఆగి చెబుతాను. నాలుగు రోజులు గడువడిగి పంపించాను. తర్వాత వాకబు చేస్తే ఈ చుట్టుపక్కల పోడూరులో ఒకరు, ఆచంటలో ఒకరు, భీమవరంలో ఎంతమందో ఇదే ఫైలు పట్టుకుని తిరుగుతున్నారట. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు పాలకొల్లులో కుర్రాడికి ఊరు దాటి పోవాలనిపిస్తే మద్రాసు మెయిలే దిక్కు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, తర్వాత కోడి రామకృష్ణ, మనవాళ్లంతా ఆ దారిన పోయినవాళ్లే. ఆ తర్వాతి తరానికి ఇంజినీరింగు, అక్కణ్ణుంచి అమెరికా. విమానం అంటే ఆకాశంలో గీత, అంతే. 1980ల్లో కొన్నాళ్లు మధురపూడికి వాయుదూత్ చిన్న విమానం వచ్చేది. దాన్ని చూడ్డానికే బస్సెక్కి రాజమండ్రి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అదే మధురపూడి నుంచి 2024 డిసెంబరులో ముంబయికీ, ఢిల్లీకీ పెద్ద ఎయిర్‌బస్‌లు నేరుగా మొదలయ్యాయి. మా మనవడికి విమానం ఆర్టీసీ బస్సు కింద లెక్క. మన ఊరి అమ్మాయి దంగేటి జాహ్నవి 2021లో నాసా వాళ్ల కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో జరిగిన శిక్షణ పూర్తి చేసి వచ్చాక, పైకి చూడ్డం మన ఆడపిల్లలకు అలవాటైపోయింది. ఇంకోపక్క అమెరికా వాకిలి ఇరుకవుతోంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజన్నారు. కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉద్యోగం కోసం కూర్చున్న ఇంజినీర్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. మరి తల్లిదండ్రుల చూపు కాక్‌పిట్ మీదికి పోయిందంటే తప్పు పట్టను.

కొరత అబద్ధం కాదు. పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే. రాబోయే పదిహేను ఇరవై ఏళ్లలో 30 వేల మంది కావాలని, ఇప్పుడు పనిచేస్తున్నది ఆరేడు వేలమందేనని ఆయనే చెప్పారు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డరిచ్చింది. జూన్‌లో ఇండిగో 500 అంది. చిన్న విమానానికైనా పగలూ రాత్రీ తిప్పాలంటే పదిమందికి తక్కువ కాకుండా పైలట్లు కావాలి. ఇక 2025 డిసెంబరు మొదటివారం మీరందరూ టీవీలో చూసిందే. పైలట్ల విశ్రాంతి నిబంధనలు నవంబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. వారానికి 36 గంటల విశ్రాంతి కాస్తా 48 అయింది. రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. రెండేళ్ల ముందే తెలిసిన నిబంధనలకు సరిపడా మనుషుల్ని ఇండిగో పెట్టుకోలేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. పెళ్లికొడుకులు పెట్టెల మీద కూర్చుని ఏడవడం అదే మొదటిసారి చూడ్డం.

అంతవరకూ నిజం. అయితే కొరత దేనికి? ఇక్కడే మీ ఫైళ్లు తప్పు చదువుతున్నాయి.

కొబ్బరి మనకు తెలిసిన సంగతి కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. 2025లో కాయ ధర ఎక్కింది. దింపు పూర్తికాకుండానే లారీలు తోటలోకి వచ్చాయి. ధర బాగుందని ఆ సాయంత్రమే గొయ్యి తీసి మన దేశవాళీ మొక్క నాటితే కాయ ఎప్పుడు దిగుతుంది? ఆరేడేళ్లకు. అప్పుడు ధర ఎలా ఉంటుందో వెంకన్నకెరుక. విమానాల్లో కాయ అంటే కెప్టెన్, ఎడమ సీట్లో కూర్చునేవాడు. మొక్క అంటే మీరు. 200 గంటలు ఎగిరితే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. ఆ లైసెన్సుతో ఎయిర్‌బస్ ముట్టుకోనివ్వరు. దానికి వేరే టైప్ రేటింగ్, మరో పదిహేను ఇరవై లక్షలు. అది అయ్యాక కుడి సీటు, కోపైలట్. అక్కడ కూర్చుని 1,500 గంటలు పోగేస్తే పై లైసెన్సుకు అర్హత. ఆపైన సంస్థ పెట్టే లెక్కలు, పరీక్షలు. అన్నీ కలిసొస్తే అయిదారేళ్లకు ఎడమ సీటు.

విమాన సంస్థలు గగ్గోలు పెడుతున్నది ఆ ఎడమ సీటు కోసం. గల్ఫ్ సంస్థలు ఎక్కువ జీతమిచ్చి తన్నుకుపోయేది ఆ కెప్టెన్లనే. కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు నోటీసివ్వాలని 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టిందంటే ఆ బాధ ఎంతుందో చూడండి. కొత్త మొక్కలకు మాత్రం లోటు లేదు. 2023లో ఒక్క ఏడాదిలో 1,622 మందికి కమర్షియల్ లైసెన్సులు ఇచ్చారు, అంతకుముందు ఎన్నడూ అన్ని ఇవ్వలేదు. కుడి సీట్లు అన్ని ఖాళీ లేవు. లైసెన్సు చేతబట్టుకుని ఏళ్ల తరబడి పిలుపు కోసం చూస్తున్నవాళ్లు ఈ దేశంలో తక్కువమంది లేరు. కొరతా నిజమే, నిరుద్యోగమూ నిజమే. రెండూ ఒకే చెట్టు కింద కూర్చుని ఉన్నాయి. అన్నట్టు, ఇండిగో చెప్పిన ఆ 500 విమానాలూ చేతికొచ్చేది 2030 నుంచి 2035 మధ్య. ఆర్డరు వార్త చదివి రేపు ఉద్యోగం అనుకునేవాళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగరు.

ఇప్పుడు పిన్ను సంగతి.

2007. నేను ఈ చుట్టుపక్కలే ఒక శాఖలో ఉన్నాను. ఆరోజుల్లోనూ ఇదే హోరు. కొత్త విమాన సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి, పైలట్లు చాలక విదేశాల నుంచి తెచ్చుకుంటున్నారు. ఒక రైతు, రెండెకరాల తోట, కొడుకు చురుకైనవాడు. అప్పు అడిగారు. సాంక్షన్‌కు పంపే నోట్ రాసింది నేను. 'ఉద్యోగావకాశాలు' అన్న గడిలో "డిమాండ్ చాలా బాగుంది" అని రాసి, రుజువుగా ఆదివారం పేపరు కత్తిరించి ఆ ఫైలుకు పిన్ను గుచ్చాను. నా చేత్తోనే. ఆ కుర్రాడు వెళ్లి శిక్షణ పూర్తి చేసుకుని వచ్చేసరికి చమురు ధర, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, సంస్థల నష్టాలు. ఎవరూ తీసుకోవడంలేదు.

2011లో ఒక మధ్యాహ్నం వాడు నా బల్ల ముందుకొచ్చి తన లాగ్‌బుక్ తెరిచి పెట్టాడు. పొడుగాటి పుస్తకం, నీలం గళ్లు. తేదీ, విమానం రకం, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, పక్కన గురువు ఉన్న గంటలు ఒక వరసలో, ఒంటరిగా ఎగిరినవి ఇంకో వరసలో. అన్నీ సెస్నా 172. ప్రతి పేజీ అడుగున కూడిక, దాని కింద పొడి సంతకం. అచ్చు మన చిట్టా ఆవర్జాలాగే ఉంది. ఒకచోట 200 దాటి కొన్ని నిమిషాలు వేసి ఉంది. ఆ పక్క పేజీ నుంచి ఖాళీ. వాడు పేజీలు తిప్పుతూ పోయాడు, అన్నీ ఖాళీ గళ్లే. "సార్, లైసెన్సు బతికించుకోవాలంటే మళ్లీ ఎగరాలండి. ఎగరాలంటే గంటకు వేలు. ఏటా మెడికల్ ఒకటి. నాన్న దగ్గర లేవండి" అన్నాడు. నా దగ్గర కూడా చెప్పడానికేమీ లేదు. అప్పు మొండిబకాయిల జాబితాలోకి పోయింది. ఎకరం అమ్మి కట్టారు. ఆ కుర్రాడు గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే విభాగంలో సూపర్‌వైజరుగా చేరాడని తర్వాత విన్నాను. బాగానే ఉన్నాడంటారు. వాళ్ల నాన్న బజార్లో కనిపిస్తే ఇప్పటికీ ముందు నమస్కారం పెట్టేది ఆయనే. అది నాకు మరీ కష్టం.

ఇలాంటి అల ఒకటి కాదు. 1992 ప్రాంతంలో ఈస్ట్‌వెస్ట్, దమానియా, మోడీలుఫ్ట్ అని వచ్చాయి, అయిదేళ్లు తిరక్కుండా పోయాయి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగితే ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్లు జీతం బాకీల కోసం రోడ్డెక్కారు. ఆ మరుసటేడు కోవిడ్. చివరికి రికార్డు ఆర్డర్ల ఏడాదిగా చెప్పుకున్న 2023లోనే, ఆ రెండు ఆర్డర్ల నడుమ మే నెలలో, గో ఫస్ట్ ఎగరడం మానేసింది. మనకిది కొత్తా? 1990ల్లో రొయ్యకు ధర పలికిందని ఈ డెల్టాలో వరిచేలు చెరువులైపోలేదూ? వైట్‌స్పాట్ తెగులు వచ్చి కొట్టుకుపోయిన ఇళ్లు నా రిజిస్టర్లలో ఎన్నో ఉన్నాయి. అయినా రొయ్య పోలేదు, నిలబడినవాళ్లు ఇవాళ మేడలు కట్టారు. నిలబడిందెవరయ్యా అంటే, ఉన్నదంతా ఒక్క పంట మీద పెట్టనివాళ్లు.

ఇక పని సంగతి. ఆ రంగుల పుస్తకంలో తెల్లవారుజామున మూడింటికి లేవడం ఉండదు. ఎగరబోయే ముందు గొట్టంలో ఊదాలి. మందు తాగనివాళ్లూ ఊదాలి. ఆల్కహాలున్న మౌత్‌వాష్ కూడా పనికిరాదని నిబంధన. మన పెళ్లిళ్లలో మేనమామలు పెట్టే బలవంతాలకు ఈ ఉద్యోగం ఒక్కటే మంచి విరుగుడు. ఏటా వైద్య పరీక్ష. ఒక్క రిపోర్టు తేడా వస్తే జీతం ఆగుతుంది. సంక్రాంతికి మనం కోడిపందేల బరి చుట్టూ ఉన్నప్పుడు మీరు పైన, ఆ చుట్టూ మూగేవాళ్లను మోసుకొస్తూ ఉంటారు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి మనవడు ఇదే చదువుతున్నాడు. 2009లో బఫెలో దగ్గర విమాన ప్రమాదం జరిగాక అక్కడ చట్టం మార్చారు. 2013 నుంచి విమాన సంస్థలో కోపైలట్‌గా చేరాలన్నా 1,500 గంటలు ఉండాలి. అందుకని వాడు చిన్న విమానాల్లో పిల్లకాయలకు పాఠాలు చెబుతూ గంటలు పోగేసుకుంటున్నాడు. "తాతయ్యా, మూడేళ్లు మాస్టారుగా చేస్తే గానీ పైలట్ కాలేనిక్కడ" అని నవ్వుతాడు.

భయం మాట ఎత్తకుండా పోలేను, మీ అమ్మలు ఎత్తుతారు కనుక. ఈ జిల్లాలో నడివయసు దాటిన ప్రతి ఆడమనిషికీ 2002 మార్చి 3 గుర్తే. పొద్దున భీమవరంలో లేచిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువుల మధ్య కూలి, స్పీకర్ బాలయోగి పోయిన రోజు. మీకేమో 2025 జూన్ 12 గుర్తు, అహ్మదాబాద్ విమాన ప్రమాదం, 260 మంది. ఈ భయాన్ని అంకెలతో పోగొట్టాలని నేను చూడను. మన చించినాడ బ్రిడ్జి మీద బైకు తోలేదానికంటే విమానం ఎన్నో రెట్లు క్షేమమని చెప్పినా తల్లి మనసుకు ఎక్కదు. కానీ ఆ విశ్రాంతి నిబంధనలు ఊరికే రాలేదు, అలసిన పైలట్లు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి పోరాడితే వచ్చాయి. మీరు ఆ వృత్తిలోకి పోతే, నిద్ర చాలనప్పుడు "ఇవాళ ఎగరను" అని మేనేజరు మొహం మీద చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. అది నేర్పే స్కూలు ఏదీ నాకు కనపడలేదు.

ఆడపిల్లకు ఇదెందుకు అన్న పెద్దమనుషులకు ఒక్క ముక్క. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన సంస్థలు ఆడమనిషని వద్దన్నాయి. ఉద్యోగమిచ్చింది హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్, అంటే మన గడ్డ మీద సంస్థే. మొన్నటికి మొన్న హైదరాబాదు పాతబస్తీలో బేకరీలో పనిచేసే మనిషి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలటయింది. చందాలు, ప్రభుత్వ సాయం, ఏళ్ల ఓపిక, అన్నీ కలిస్తే అయింది. ప్రపంచంలో నూటికి అయిదుగురు ఆడ పైలట్లుంటే మన దేశంలో పదిహేనుమంది దాకా ఉన్నారు. ఈ ఒక్క విషయంలో ప్రపంచం మనల్ని చూసి నేర్చుకోవాలి. కాబట్టి నా నాలుగు రోజుల గడువు, అడిగింది ఆడపిల్ల అని కాదు.

ఇహ డబ్బు, నా పాత వృత్తి. మామూలు స్కూల్లో లైసెన్సుకే అరకోటి దాటుతుంది. విమాన సంస్థల పేరుతో నడిచే క్యాడెట్ ప్రోగ్రాములైతే కోటి పైన. అరవై లక్షలు, పదిన్నర శాతం, పదిహేనేళ్లు అనుకోండి. నెలకు 66 వేలకు పైనే కిస్తీ. చదివే కాలంలో కట్టక్కర్లేదని బ్యాంకులో చెబుతారు, కానీ వడ్డీ పడుకోదు. ఏడాదికి ఆరు లక్షల ముప్ఫై వేలు పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైతే ఎంతో వేసుకోండి. కాగితం మీద వేసి చూసుకోమని అమ్మాయికి చెప్పాను. ఫైల్లో ఆ కాగితం లేదు మరి.

డబ్బు పెట్టకముందే తేలే పనులు కొన్ని ఉన్నాయి, వాటిని వెనక్కి నెట్టి ఫీజు ముందు కట్టేవాళ్లే ఎక్కువ. మొదటిది వైద్య పరీక్ష. రంగుల చుక్కల్లో అంకె కనబడని కళ్లు మనలో చాలామందికి ఉన్నాయి, ఆ సంగతి వాళ్లకే తెలీదు. అప్పు తీసుకున్నాక బెంగళూరులో వైద్య పరీక్ష దగ్గర తెలియడం కంటే ముందే తెలియడం మేలు. క్లాస్ 2, ఆపైన క్లాస్ 1, రెండూ పూర్తిచేసి కాగితం తెచ్చుకోండి. రెండోది, నేవిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పరీక్షలు. వీటికి విమానం అక్కర్లేదు, పుస్తకాలు చాలు. ఇంట్లో కూర్చుని రెండు పేపర్లు పాసైతే మీకు దీనిమీద నిజంగా మోజుందో, యూనిఫాం మీద మోజుందో మీకే తెలుస్తుంది. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ ఉడాన్ అకాడమీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయండి. మార్కుల కాగితాలు మేం చూసుకుంటామనే ఏజెంటు వస్తే గుమ్మంలోంచే పంపేయండి. 2011లో దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు అరెస్టయ్యారు. విమానమంటే ఇష్టం, తాకట్టుకు సెంటు భూమి లేదు అనే పిల్లలు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పరీక్ష సంగతి చూడండి. బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చాలు, ఎంపికైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగంలో చేర్చుకుని తానే నేర్పుతుంది. పోస్టర్ మీద బొమ్మ పడదు కాబట్టి ఆ ఉద్యోగం గురించి మన ఊళ్లో ఎవరూ మాట్లాడరు.

ఇక, అరిసెలు తెచ్చిన అమ్మాయ్, ఇది నీకు.

ముందు బెంగళూరు వెళ్లి మెడికల్ చేయించుకో. రానూపోనూ ఖర్చు నాది, దానికి హామీ అక్కర్లేదు. వేసవి లోపల రెండు పేపర్లు రాయి. డెబ్భై సెంట్లూ పెట్టొద్దు. మీ నాన్నకున్న చీటీలు, ఆ అకాడమీ సీటు, స్కాలర్‌షిప్పులు, ముందు అవన్నీ కదిపి చూద్దాం. తోటలో సగానికి మించి తాకట్టుకు పోకుండా నోట్ నేనే రాసిపెడతాను, ఈసారి 'ఉద్యోగావకాశాలు' అన్న గడిలో ఏం రాయాలో నాకు తెలుసు. ఆ పేపరు కటింగ్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, వెతుక్కోకు.

కాగితాలు పట్టుకుని వచ్చేటప్పుడు అమ్మను మళ్లీ తీసుకురా. ఆరోజు "ఆయ్" తప్ప ఆవిడ మాట నేను వినలేదు. దస్తావేజు ఆవిడ పేరున ఉంది. మీ నాన్న గానీ, నువ్వు గానీ మధ్యలో అందుకోకుండా ఆవిడ చెప్పేది మొత్తం వింటాను. పెన్ను ఆ తర్వాత తీస్తాను. అరిసెలు బాగున్నాయి, కాస్త బెల్లం ఎక్కువైంది.

ఇట్లు,
మీ వీధి మొదటింటి తాత
(రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి)